భర్త పేరు: చెప్పరాదు

నాకు ఫెలోషిప్ వచ్చిందని చెప్పగానే మా అమ్మ అడిగింది జీతం గురించి కాదు, నీళ్ల గురించి.

"షిప్పు అంటే ఓడనే గదా? నీకు ఈతన్న రాదు. గసొంటి నౌకరికి ఎట్ల ఒప్పుకున్నవే?"

ఓడ కాదమ్మా, ఊళ్లలో తిరిగే పని అన్నాను. ఆమె నమ్మలేదు. సాయంత్రానికల్లా నల్గొండలో మా గల్లీ మొత్తానికి నేను సాగర్‌లో లాంచీ మీద పనికి కుదిరానని తెలిసిపోయింది. బాపుకు కొంత ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆయన అభ్యంతరం వేరు. ఆయన లెక్కలో ఫెలో అంటే తిట్టు. బస్సులో కాలు తొక్కినవాణ్ని ఆ మాటతోనే అంటాడు. "పైసలిచ్చి మరీ గా మాట అంటున్రంటే జర ఆలోచించాలె" అని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మా ఆయన మాత్రం ఏమీ అనలేదు. అప్పటికి మూడు ఉద్యోగాలు కోపమొచ్చి మానేశాను. ఏదో ఒక చోట కుదురుగా ఉంటే చాలని ఆయన అనుకుని ఉంటాడు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. స్థానిక సమాజాల్లో డిజిటల్ గుర్తింపు సమస్యలను పరిష్కరించేవాళ్లకు ఏడాదిపాటు ఖర్చులిస్తామని ఒక సంస్థ ప్రకటన ఇచ్చింది. ఆ వాక్యంలో నాకు బాగా అర్థమైన మాట "ఖర్చులు". అయినా దరఖాస్తు ఎనిమిది పేజీలు రాశాను. ఏమి రాశానో ఇప్పుడు చదివితే నాకే నవ్వొస్తుంది. వాళ్లకు నచ్చింది.

హైదరాబాదులో రెండు రోజుల శిక్షణ పెట్టారు. గోడ నిండా రంగు కాగితాలు అంటించమన్నారు. పసుపు కాగితం మీద సమస్య రాయాలి, పచ్చ కాగితం మీద పరిష్కారం రాయాలి. సమస్యలు నాకు ధారాళంగా వచ్చాయి. పచ్చ కాగితాల కట్ట మాత్రం విప్పకుండానే తిరిగి ఇచ్చేశాను. నాకు మెంటరుగా ఒకమ్మాయిని ఇచ్చారు. నాకంటే చిన్నది, మంచి పిల్ల. ప్రతి శుక్రవారం వీడియో కాల్‌లో కనపడి "ఈ వారం ఏం నేర్చుకున్నారు మేడం?" అని అడిగేది. మొదటి నెలంతా నా జవాబు ఒకటే: నార్కట్‌పల్లిలో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో నేర్చుకున్నాను.

నా పని కట్టంగూర్ దాటాక రోడ్డు మీది నుంచి లోపలికి వెళ్లే ఒక ఊళ్లో. ప్రతి సోమవారం పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని కూర్చునేదాన్ని. వెనక గోడకు బ్యానరు కట్టాను. "మీ గుర్తింపు మీ హక్కు" అని దాని మీద రాసి ఉంటుంది. మొదటి వారం వచ్చినవాళ్లంతా జిరాక్సు ఎంత అని అడిగారు. రెండో వారం ఒకాయన ఫోను రీచార్జి చేయమన్నాడు, చేశాను. మూడో వారం ఒకామె తన మేకపిల్లను నా బల్ల కాలికి కట్టేసి "ఇప్పుడే వస్త, చూస్తుండు" అని కిరాణా కొట్టుకు పోయింది. అది నా ఫెలోషిప్ కరపత్రాలు నాలుగు తిన్నది. కరపత్రాల పంపిణీ మొదలైందని ఆ శుక్రవారం మెంటరుకు చెప్పాను.

నాలుగో వారం వచ్చింది అవ్వ.

అరవై దాటి ఉంటాయి. ముదురాకుపచ్చ చీర, చేతిలో బట్టల షాపు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు. బల్ల ముందు నిలబడి నన్నూ, బ్యానర్నూ మార్చి మార్చి చూసింది.

"నువ్వేనా ఓడ మీద పనిచేసే పిల్లవు?" అంది.

ఆ మాట నల్గొండ నుంచి అంత దూరం ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నేనేనన్నాను. ఆమె కవరు బల్ల మీద బోర్లించింది. ఆధార్ కార్డు, పాత రేషన్ కార్డు, భర్త మరణ ధ్రువపత్రం, ఎందుకో ఒక కరెంటు బిల్లు. భర్త పోయి ఏడాది కావొస్తోంది. ఆమెకు రావలసిన వితంతు పింఛను రావడం లేదు. మండలాఫీసుకు వెళ్లిన ప్రతిసారీ ఏదో చెప్పి పంపిస్తున్నారు, వాళ్లు చెప్పేది ఈమెకు ఎక్కడం లేదు.

"బిడ్డ ఇంటికి రమ్మంటుంది. అల్లుడు మంచోడే. గానీ అల్లుని ఇంట్ల కూసోని, చాయ్ పత్తికి, ఆకుకు, వక్కకు చెయ్యి చాపుడు నాతోని కాదు. పింఛన్ వస్తే నా ఇంట్ల నేనుంట. లేకుంటే గీ నెలాఖరుకు నన్ను తోలుకపోతరట."

కొత్త పింఛన్ల జాబితా కూడా ఆ నెలాఖరుకే మూసేస్తారు. నా దగ్గర మూడు వారాలున్నాయి.

ఆధార్ కార్డు తిప్పి చూశాను. చిరునామా మొదట్లో భర్త పేరు ఉండాల్సిన చోట తెలుగులో స్పష్టంగా ఇలా ఉంది: చెప్పరాదు.

రెండుసార్లు చదివాను. కింద ఇంగ్లీషులో కూడా ఉంది, రెండు ముక్కలుగా. చెప్ప అనేది ఇంటిపేరు, రాదు అనేది అసలు పేరు అన్నట్టుగా.

"అవ్వా, గిదెట్ల పడ్డది?"

ఆమె చెప్పింది. చాలా ఏళ్ల కిందట ఊళ్లో క్యాంపు పెట్టి కార్డులు తీశారట. ఫొటో తీసే అబ్బాయికి తెలుగు రాదు, ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చాడు. భర్త పేరేమిటని వచ్చీరాని తెలుగులో అడిగాడు. ఈమె భర్త పేరు పలకదు. ఆ తరం వాళ్లెవరూ పలకరు, పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల నమ్మకం. అందుకని "చెప్పరాదు" అన్నది. అంటే చెప్పకూడదు అని.

వెనక వరుసలో ఎండలో నిలబడ్డ ఆడవాళ్లకు అప్పటికే ఓపిక పోయింది. వాళ్లంతా ఈమెను తొందరపెట్టారు. మా దగ్గర ఎవరినైనా బతిమాలాలంటే ఇదే రాగం. రారాదు అంటే రమ్మనడం. కూసోరాదు అంటే కూర్చోమనడం. కాబట్టి వాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు "చెప్పరాదు", "అబ్బ, చెప్పరాదే" అన్నారు. అంటే చెప్పవచ్చు కదా అని. చెప్పకూడదన్న ఆమెదీ, చెప్పమన్న వాళ్లదీ ఒకే మాట. పాపం ఆ అబ్బాయి, ఇంతమంది ఏకగ్రీవంగా ఒకే పేరు చెబుతుంటే ఇంకేం అనుమానపడతాడు. టక టక కొట్టేశాడు. తెలుగు అక్షరాలు యంత్రం తనంతట తనే వేసుకుంది.

నేను బల్ల మీద తల ఆనించి నవ్వాను. అవ్వ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత "నవ్వింది చాలు గానీ, పని ఎప్పుడైతది?" అన్నది.

మరునాడే ఆమెను తీసుకుని మండలాఫీసుకు వెళ్లాను. అక్కడి క్లర్కు కంప్యూటరు తెర నావైపు తిప్పాడు.

"మేడం, ఈమె భర్త చెప్పరాదు. మీరు తెచ్చిన సర్టిఫికెట్ల పోయినాయిన వేరే ఆయిన. ఎవలో పోతే ఈమెకు పింఛన్ ఎట్ల ఇస్త?"

"చెప్పరాదు అన్నది పేరు గాదు సార్. మాట."

"నాకెరుకనే మేడం, మాది ఈ జిల్లానే. మా ఇంట్ల దినాం పదిసార్లు అంటరు. కంప్యూటర్‌కు ఎరుక లేదు గదా. మీరు చెప్పరాదు పోయినట్టు సర్టిఫికెట్ తెండ్రి, ఇయ్యాల్నే ఎక్కిస్త."

నాకు కోపమొచ్చింది. లేని మనిషి ఎలా పోతాడు అని గట్టిగానే అడిగాను. లేనోడు పోడు, అందుకే పింఛను రాదు అన్నాడు. వాదనలో నేను ఓడిపోయానని బయట మెట్ల మీదికి వచ్చాక గాని నాకు తెలియలేదు.

అవ్వ మెట్టు మీద కూర్చుంది.

"అయితే కాయితంల ఆయిన పోలేదా?"

"పోలేదు అవ్వా. కాయితంల ఆయనకు చావే లేదు."

"ఉన్నడన్నమాట," అన్నది. కొంచెం సంతోషంగానే అన్నది. ఆటో పిలిచాను.

ఆ శుక్రవారం ఈ కథంతా మెంటరుకు చెప్పాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఇలాంటి చెప్పరాదులు మండలంలో ఇంకెంతమంది ఉన్నారో తెలుసుకోమంది. తిరిగాను. ఒకామె భర్త పేరు "పిల్లలనాయిన". ఇంకొకామె భర్త పేరు "ఆడున్నడు", అంటే అక్కడే ఉన్నాడని వేలెత్తి చూపించిందన్నమాట. ఇదంతా రాసి పంపితే హైదరాబాదులో పెద్ద మీటింగు పెట్టి ఒక యాప్ చేద్దామన్నారు. భర్త పేరు అడగగానే తెర మీద "చెప్పడానికి ఇష్టం లేదు" అనే బటన్ వస్తుందట. అది నొక్కితే పింఛను వస్తుందా అని అడిగాను. అది రెండో దశలో ఆలోచిస్తామన్నారు. ఈలోగా అవ్వ తన భర్త పేరు మొదటిసారి నోరారా పలుకుతున్న వీడియో ఒకటి తీసి పంపమన్నారు, ఏడాది చివరి సభలో వేసుకోవడానికి.

కార్డులో పేరు దిద్దే సెంటరు నల్గొండలో ఉంది. తరువాతి సోమవారం వెళదామని అవ్వకు చెప్పాను.

"ఐతారం తెల్లారా? మంచిది," అన్నది.

మొదట్లో ఆమెకు వారాల పేర్లు తెలియవనుకున్నాను. అంతకుముందు కూడా నా బల్ల దగ్గరికి ఎప్పుడు రమ్మన్నా "ఐతారం తెల్లారి వస్త" అనేది. ఆదివారం మరునాడు అని దాని అర్థం. ఒకరోజు చదువుకున్నదాన్ననే గర్వంతో వేళ్ల మీద లెక్కపెట్టి ఆదివారం తర్వాత ఏం వస్తుందో ఆమెకు నేర్పబోయాను. ఆమె నావైపు చాలా జాలిగా చూసింది. ఇంటికి వచ్చి మరణ ధ్రువపత్రం మళ్లీ చదివితే అప్పుడు వెలిగింది. ఆయన పేరులో ఆ వారం ఉంది. నలభై ఏళ్లకు పైగా ఆమె వారానికి ఆరు రోజులతోనూ, ఒక తెల్లారితోనూ నెట్టుకొచ్చింది. ఆ పేరు నేనూ ఇక్కడ రాయను. రాయకుండానే మీకు తెలిసిపోయి ఉంటుంది.

సెంటరులో ఆపరేటరు యాభై ఏళ్ల మనిషి. తెల్లని గడ్డం, ఇస్త్రీ చొక్కా, చాలా మర్యాదస్తుడు. పాత రేషన్ కార్డు, ధ్రువపత్రం రెండూ చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు.

"అవ్వా, మీ ఆయిన పేరు చెప్పుండ్రి."

అవ్వ రేషన్ కార్డు మీద వేలు పెట్టింది.

"అది నాకు కనవడుతుంది. మీ నోటితోని చెప్పాలె."

నేను చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. పక్కవాళ్లు చెబితే రాయడట. పోనీ మీరే చదవండి, ఆమె తల ఊపుతుంది అన్నాను. తల ఊపితే అసలే రాయడట.

"తల ఊపుడుతోని నాకు పెద్ద ఫికరైంది మేడం. ఒకామె అన్నిటికీ తల ఊపింది. వెనక నిలవడ్డ మరిది తన పేరు చెప్పుకుంటుంటే దానికి సుత ఊపింది. నేను ఎక్కించిన. ఆమె మొగుడు దుబాయ్ నుంచొచ్చి కార్డు చూసిండు. రెండు నెలలు సెంటర్ బంద్ పెట్టిచ్చిన్రు. గప్పటిసంది నాకు నోటి మాటనే కావాలె."

ఆ రోజు పని కాలేదు. ఏం చేసినా అవ్వ నోరు విప్పలేదు. తిరుగు బస్సులో నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. పేరుకూ ఆయుష్షుకూ సంబంధం లేదన్నాను. మా ఆయన్ని నేను పేరు పెట్టే పిలుస్తానన్నాను.

"పలుకుతడా?" అని అడిగింది అవ్వ.

నిజం చెప్పాలి కదా. "ఫోన్ల మునిగి ఉంటే పలకడు."

"మరి పిలిచి ఏం లాభం?"

నాకు ఆమె మీద కోపంగా ఉంది. మా ఆయన మీద ఇంకా కోపంగా ఉంది.

నెలాఖరుకు మూడు రోజులుందనగా మళ్లీ వెళ్లాం. అది కూడా సోమవారమే పడింది. అవ్వ బిడ్డ అప్పటికే అమ్మ బట్టలు సంచిలో సర్ది పెట్టిందట. ఇద్దరు బలమైన మనుషులం కలిసి ఒక ముసలామె చేత ఒక్క మాట అనిపించలేమా అని, నేనూ ఆపరేటరూ ముందే ఫోన్లో మాట్లాడుకున్నాం.

"ఇయ్యాల ఏం వారం అవ్వా?" అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు కీబోర్డు తుడుస్తూ.

"ఐతారం తెల్లారి."

"మంగళారానికి ముందుగాల వచ్చేది?" అన్నాను నేను.

"ఐతారం తెల్లారే. ఇద్దరు చదువుకున్నోళ్లు, గది సుత తెల్వదా?"

వెనక వరుసలో పదిహేనుమంది దాకా ఉన్నారు. నవ్వులు మొదలయ్యాయి. ఒకామె లేచి వచ్చి "పెండ్లినాడు గడప కాడ ఆడబిడ్డలు ఆపితే చెప్పలేదా అవ్వా? గట్లనే చెప్పు" అన్నది. చెప్పిన, గా ఒక్కపారే అన్నది అవ్వ. నలుగురూ మళ్లీ "చెప్పరాదు, చెప్పరాదు" అని బతిమాలడం మొదలుపెట్టారు. ఆపరేటరు కంగారుగా కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాడు, మళ్లీ అదే ఎక్కుతుందేమోనని.

నా ఓపిక అయిపోయింది. నా నోటికి అదుపు లేదని మూడు ఉద్యోగాల చోటా చెప్పారు, ఇక్కడ కూడా అదే జరిగింది.

"అవ్వా, ఆయన పోయిండు గదా. ఇంక తగ్గెతందుకు ఆయుష్షు ఏమున్నది?" అన్నాను.

గదిలో నవ్వులు ఆగిపోయాయి. అన్న మాటకు నాకు సిగ్గేసింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అవ్వ మాత్రం కోపగించుకోలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"గదే గదా బిడ్డా. ఇన్నేండ్లు నోట్ల పెట్టుకోని దాసిన. జ్వరమొచ్చి మంచంల పడ్డా పేరు వెట్టి పిలువలే. ఇగో, ఏమయ్యో, గంతే. పట్నం దవాఖానల నర్సు పేరడిగితే చీటి చూపెట్టిన. గంత పైలంగ ఉన్న. అయినా పోయిండు."

ఆమె కుర్చీలోంచి లేచింది. ఆపరేటరు వైపు కూడా తిరగలేదు. తలుపు వైపు తిరిగి, చేనులో ఆ చివర ఉన్న మనిషిని అన్నానికి కేకేసినట్టు, గొంతెత్తి ఆ పేరు పిలిచింది.

ఫోను నా చేతిలోనే ఉంది. వీడియో తీయాలని నాకు గుర్తే రాలేదు.

వెనక వరుసలో, గోడ పక్కన, వేలిముద్రల కోసం వచ్చిన ఒక నడివయసు మనిషి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ఆయన పేరూ అదే. "ఆ, వస్తున్న," అన్నాడు.

అవ్వ అతన్ని కాసేపు తేరిపార చూసింది.

"నువ్వు గాదు బిడ్డా," అన్నది. "నువ్వు కూసో."

అతను కూర్చున్నాడు. ఆపరేటరు కళ్లజోడు తుడుచుకుని టైపు చేశాడు.